ఎర్రగోడ ముందు ముఖం కోపంగా కనిపిస్తుందా?

ప్రశ్న: మా పాఠశాలలో పిల్లలతో విడిగా మాట్లాడే గదికి ఇటీవల ముదురు ఎరుపు వేయించారు. అక్కడ ముఖచిత్రాలు గోడకు అంటించి భావం చెప్పమంటే, ఏ భావమూ లేని ముఖాన్ని కూడా పిల్లలు ‘కోపంగా ఉంది’ అంటున్నారు. గోడ రంగుకు అంత ప్రభావం ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రభావం ఉంటుంది కాని, అది మీరు భయపడేంత పెద్దది కాదు. కోపంతో ఉన్న ముఖాన్ని ఆకుపచ్చ నేపథ్యంలో కంటే ఎర్రని నేపథ్యంలో జనం త్వరగా గుర్తుపట్టారని 2013లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన చెప్పింది. జపాన్‌లోని టొయొహాషి సాంకేతిక విశ్వవిద్యాలయం వారు, భయానికీ కోపానికీ నడుమ ఊగే ముఖాలను చూపి, ముఖం రంగునూ వెనకనున్న రంగునూ విడివిడిగా మార్చి చూశారు. 2018లో ప్రచురించిన ఆ ఫలితాల్లో రెండింటి ప్రభావమూ కనబడింది. అయితే ముఖం రంగుదే స్పష్టంగా పైచేయి. కోపం వచ్చినప్పుడు ముఖానికి రక్తం ఎక్కువగా చేరి చర్మం ఎర్రబడుతుంది గనుక, ఎరుపును కోపానికి గుర్తుగా చదవడం మనకు చిన్ననాటి నుంచే అలవడుతుందని అనుకోవచ్చు. నాట్యశాస్త్రం కూడా రౌద్రానికి ఎరుపునే, కరుణకు పావురపు బూడిద రంగునూ చెప్పింది.

మీ గదిలో నేను ముందుగా అనుమానించేది వెలుతురును. ముదురు ఎర్రగోడ మీద పడిన వెలుగు ఎర్రబారి తిరిగివచ్చి చిత్రాల మీదా, ఎదుట కూర్చున్న మీ ముఖం మీదా పడుతుంది. అప్పుడు నేపథ్యంతో పాటు ముఖమే ఎర్రబడినట్టవుతుంది. భావం స్పష్టంగా ఉన్న ముఖాన్ని ఇది పెద్దగా మార్చదు. ఎటూ తేలని ముఖాన్నే ఒకవైపుకు మొగ్గేలా చేస్తుంది.

అలాగని శాంతం కోసం గులాబీ రంగు వేయించమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ జైలు గదికి లేత గులాబీ వేసి ఖైదీల దూకుడు తగ్గిందని ప్రకటించారు. తరువాత జాగ్రత్తగా చేసిన పరీక్షలు దాన్ని బలపరచలేదు. పిల్లల మనసులను అంచనా వేసే చోట ఇటువంటి ప్రచారాన్ని నమ్మడం నాకు బాధ కలిగిస్తుంది.

ముందు గోడకు తెల్లని దుప్పటి కట్టి, కిటికీ వెలుతురులో అవే చిత్రాలను మళ్లీ చూపించి, జవాబులు రాసుకోండి. అప్పటికీ ఒక పిల్లవాడికి ప్రతి ముఖంలోనూ కోపమే కనిపిస్తుంటే, రంగు సంగతి పక్కనపెట్టి, ఇంట్లోనో తరగతిలోనో వాడిని భయపెడుతున్నదేమిటో మెల్లగా అడగండి.