చిన్న లేత్‌కు టాంజెన్షియల్ టూల్ హోల్డర్: మూడు చేసి చూశాక నా జవాబు

మీరు అడిగినవి రెండు. చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద టాంజెన్షియల్ హోల్డర్, అంటే కోసే బిట్‌ను దాదాపు నిలువుగా పట్టే పిడి, నిజంగా పనికొస్తుందా? మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో గాడులు కోసే యంత్రం) లేకుండా దాన్ని సొంతంగా చేసుకోవచ్చా? రెండింటికీ నా జవాబు అవుననే. ఇప్పటికి మూడు చేశాను. మొదటిది అసలు కోయలేదు. రెండోది కోసింది కానీ బిట్‌ను పట్టి ఉంచలేకపోయింది. మూడోదాన్ని టూల్ పోస్ట్ (లేత్ మీద టూల్ బిగించే భాగం) మీంచి తీసే అవసరమే అరుదుగా వస్తోంది. ఆ మొదటి రెండింటి దగ్గర నేర్చుకున్నదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది కాబట్టి వాటిని వివరంగా చెబుతాను.

మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్, అంటే కోసే చదరపు కడ్డీ, టూల్ పోస్ట్‌లో పడుకుని ఉంటుంది. దాని ముందు వైపు, పక్క, పైన, ఇలా మూడు ముఖాలు సానబట్టాలి. ఒక్కో ముఖానికి ఒక్కో కోణం. టాంజెన్షియల్ హోల్డర్‌లో బిట్ దాదాపు నిలువుగా, జాబ్ (కోస్తున్న ముక్క) గుండ్రానికి స్పర్శరేఖలాగా నిలబడుతుంది. అందుకే ఆ పేరు. పై కొస జాబ్ వైపు 12 డిగ్రీలు, హెడ్‌స్టాక్ (లేత్‌లో జాబ్‌ను తిప్పే భాగం) వైపు 12 డిగ్రీలు వాలి ఉంటుంది. ముందూ పక్కా కావలసిన క్లియరెన్స్ (బిట్ జాబ్‌ను రుద్దకుండా ఉంచే ఖాళీ) ఆ వాలు వల్లే వచ్చేస్తుంది. ఇక సానబట్టాల్సింది పై ముఖం ఒక్కటే. ఇది కొత్త ఊహేమీ కాదు. టరెట్ లేత్‌ల (చాలా టూల్స్‌ను ఒకే తిరిగే తలలో పట్టే లేత్‌లు) మీద వాడే రోలర్ బాక్స్ టూల్‌లో కట్టర్ ఇలాగే నిలబడుతుంది. మనలాంటి వాళ్లకు బాగా తెలిసిన రూపం ఆస్ట్రేలియాలోని ఎక్సెంట్రిక్ ఇంజినీరింగ్ వాళ్ల డైమండ్ టూల్ హోల్డర్.

దీని అసలు లాభం నా దృష్టిలో వేగమూ కాదు, లోతైన కట్టూ కాదు. సానబట్టడం ఒక నిమిషం పని అయిపోవడం. మొద్దుబారిన టూల్‌తో "ఈ ఒక్క కట్ అయ్యాక చూద్దాంలే" అంటూ నెట్టుకొచ్చే అలవాటు నాకు చాలాకాలం ఉండేది. మూడు కోణాలు మళ్లీ కుదుర్చుకోవాలంటే బద్ధకం. ఇప్పుడు బిట్ తీసి, జిగ్‌లో (సాన కోణం కుదిర్చే పట్టు) పెట్టి, రాయికి తాకించి, తిరిగి బిగించేస్తాను. చిన్న లేత్‌లు బిగువు తక్కువ యంత్రాలు. వాటి మీద ఫినిష్ బాగా రావాలంటే పదునే ప్రాణం. కార్బైడ్ ఇన్‌సర్ట్‌కు (అరిగితే మార్చే గట్టి కోత ముక్క) చాలావరకు అంచు కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, అది కోయాలంటే గట్టిగా ఒత్తాలి. అప్పుడే సానబట్టిన హెచ్‌ఎస్‌ఎస్ అంచు 0.05 మి.మీ. కట్‌ను కూడా రుద్దకుండా కోస్తుంది.

కోణాల లెక్క ఒకసారి అర్థమైతే మిగతాదంతా తేలిక. రెండు వైపులా 12 డిగ్రీలు వాలిన బిట్, మూల నుంచి మూలకు చూస్తే సుమారు 16.7 డిగ్రీలు వాలినట్టు. అంటే కొసను అడ్డంగా, నేరుగా కోసిన బిట్‌ను అలాగే పెడితే కోసే మూల కిందికి వాలి, రేక్ (పై ముఖం కోసే మూల నుంచి వాలే కోణం) నెగటివ్ అవుతుంది. అందుకే పై ముఖాన్ని మూలల గీత వెంబడి 30 డిగ్రీల ఏటవాలుగా సానబడతాం. 30లోంచి 16.7 పోగా సుమారు 13 డిగ్రీల పాజిటివ్ రేక్ మిగులుతుంది. మైల్డ్ స్టీల్‌కూ అల్యూమినియంకూ ఇది చక్కగా సరిపోతుంది. ఇంకో విశేషం. ఈ వాలు, ఈ సాన రెండూ కలిసి, పైనుంచి చూస్తే కోసే మూల 90 డిగ్రీలు కాక 83 డిగ్రీల దగ్గర ఉంటుంది. హోల్డర్‌ను లేత్ అక్షానికి లంబంగా బిగిస్తే రెండు అంచులకూ మూడేసి డిగ్రీల చోటు దొరుకుతుంది. టూల్ పోస్ట్ కదపకుండానే టర్నింగ్ (పొడవు వెంట కోయడం) చేసి, భుజం (వ్యాసం మారే మెట్టు) దాకా వెళ్లి, అక్కడే ఫేసింగ్ (అడ్డంగా చదును చేయడం) కూడా చేసేయొచ్చు.

ఇక తయారీ. దిమ్మె కోసే ముందు మీ టూల్ పోస్ట్ అడుగు నుంచి సెంటర్ ఎత్తు (జాబ్ తిరిగే అక్షం ఎత్తు) ఎంతో కొలవండి. బిట్ కొస హోల్డర్ తల (బిట్‌ను పట్టే భాగం) పైకి 6 నుంచి 8 మి.మీ. లేచి ఉండాలి. షాంక్ (టూల్ పోస్ట్‌లో బిగిసే భాగం) ఎంత మందమో తల పైభాగం కూడా అంతే ఎత్తులో ఉంటే, నాలుగు వైపుల టూల్ పోస్ట్‌లో బిట్ కొస సెంటర్ దాటి పైకి పోతుంది. తల టూల్ పోస్ట్ బయట ఉంటుంది కాబట్టి దాన్ని షాంక్ కంటే కిందికి దించుకోవచ్చు. నేను 20 మి.మీ. మందం ఎమ్‌ఎస్ (మైల్డ్ స్టీల్) పట్టీ తీసుకుని, షాంక్ భాగంలో అడుగు తీసేసి, తల భాగంలో పైన తీసేశాను. ఎత్తు మార్చుకోగల క్విక్ చేంజ్ పోస్ట్ ఉంటే ఈ తంటా చాలావరకు తగ్గుతుంది.

బిట్ కూర్చునే గాడి ఎక్కడ కోయాలన్నది అతి ముఖ్యం. చాలామందికి మొదట తోచేది జాబ్‌కు ఎదురుగా ఉన్న కొస ముఖం మీద కోయడం. అలా చేస్తే గాడి గోడ ఒకటి హెడ్‌స్టాక్ వైపు ఉండిపోతుంది. ఫేసింగ్ చేసేటప్పుడు ఆ గోడ భుజానికి తగులుతుంది. నేను గాడిని హెడ్‌స్టాక్ వైపు ఉన్న పక్క ముఖం మీద, షాంక్ కొసకు దగ్గరగా కోస్తాను. అప్పుడు గోడలు బిట్‌కు ముందూ వెనకా ఉంటాయి, హెడ్‌స్టాక్ వైపు తెరిచి ఉంటుంది. ముందు గోడ జాబ్‌కు తగలదా అని అనుమానం రావచ్చు. జాబ్ గుండ్రం కదా, సెంటర్ కిందికి వెళ్లేకొద్దీ అది వెనక్కి తగ్గిపోతుంది. భుజం చదును, అది తగ్గదు. ముందు గోడను 5 మి.మీ. మందం ఉంచి, దాని పైభాగాన్ని బిట్ కొసకు 12 మి.మీ. కిందికి దించేస్తే, 60 మి.మీ. లోపు వ్యాసం ఉన్న జాబ్‌కు అది తగలదు. ఆ గోడ గుండా రెండు ఎమ్5 గ్రబ్ స్క్రూలు (తల లేని 5 మి.మీ. స్క్రూలు) బిట్‌ను వెనక గోడకు నొక్కిపెడతాయి.

గాడిని లేత్ మీదే కోయొచ్చు. క్రాస్ స్లైడ్ (అడ్డంగా జరిగే భాగం) మీద యాంగిల్ ప్లేట్ (ఎల్ ఆకారపు దిమ్మె) బిగించి, దాని మీద షాంక్‌ను నిలువుగా నిలబెట్టండి. ఎండ్ మిల్ (గాడి కోసే కట్టర్) స్పిండిల్‌లో (లేత్ తిరిగే ఇరుసులో) ఉండాలి. కొలెట్ (చుట్టూ సమంగా బిగిసే పట్టు) ఉంటే కొలెట్‌లోనే పట్టండి. మూడు దవడల చక్‌లో పట్టుకుంటే, ఎండ్ మిల్ గట్టిబారిన నున్నటి షాంక్ జారి ముందుకు వచ్చేస్తుంది. ప్లేట్‌ను అడ్డంగా 12 డిగ్రీలు తిప్పితే గాడి అడుగు ఒక కొస లోతుగా, ఒక కొస లోతు తక్కువగా వస్తుంది. ప్లేట్ మీద షాంక్‌ను 12 డిగ్రీలు వాల్చితే గాడి దిశ వాలుతుంది. ఈ కోణాలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 100 మి.మీ. పొడవుకు 21.3 మి.మీ. లేచే తునక ఒకటి రేకుతో కోసుకుంటే రెండింటికీ అదే కొలత. కొద్ది కొద్దిగా, అర మిల్లీమీటర్ చొప్పున దిగండి. 6 మి.మీ. కట్టర్‌తో కోసిన గాడిలో 6 మి.మీ. బిట్ దూరకపోవచ్చు. ఒక పదో వంతు మిల్లీమీటర్ వెడల్పు చేసి, లోపలి మూలలో హాక్‌సా బ్లేడ్‌తో ఒక గీత లాగితే బిట్ అంచు గోడలకు ఆనుకుని కూర్చుంటుంది. యాంగిల్ ప్లేట్ కూడా లేదంటే గీతలు గీసుకుని, హాక్‌సాతో కోసి, ఆకురాయితో సరిచేయండి. నా మొదటి రెండూ అలా చేసినవే. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా హోల్డర్ పనిచేస్తుంది. గోడలు మాత్రం చదునుగా ఉండి తీరాలి.

మొదటిది ఎందుకు కోయలేదో చెబుతాను. లోతు వాలు సరిగ్గానే వచ్చింది, దిశ వాలు మాత్రం తలకిందులైంది. బిట్ పై కొస జాబ్ వైపు కాక నా వైపు వాలింది. అంటే ముందు క్లియరెన్స్ అసలు లేదు, బిట్ మడమ జాబ్‌ను రుద్దుతూ కూర్చుంది. కాగితం మీద గీసుకున్నప్పుడు సరిగ్గానే అనిపించింది, దిమ్మెను నిలువుగా తిప్పి పట్టగానే కళ్లు మోసం చేశాయి. అప్పటినుంచి ముందు సబ్బు ముక్కతోనో, చెక్క ముక్కతోనో నమూనా కోసి, అందులో అగ్గిపుల్ల గుచ్చి, దాన్ని టూల్ పోస్ట్ దగ్గర పట్టి చూసుకుంటున్నాను. మీరూ దయచేసి అలాగే చేయండి. ఒక పూట పని ఆదా అవుతుంది.

రెండోదాని కథ ఇంకా ముఖ్యం. టాంజెన్షియల్ పద్ధతిలో కోత బలం బిట్ పొడవు వెంట కిందికి దిగుతుంది. బిట్ వంగకుండా గట్టిగా నిలబడడానికి కారణం అదే. కానీ అదే బలం బిట్‌ను గాడిలోంచి కిందికి తోస్తుంది కూడా. మామూలు టూల్ పోస్ట్‌లో పడుకున్న బిట్‌కు ఆ సమస్య లేదు. ఇక్కడ బిట్‌ను ఆపేది గోడల రాపిడి ఒక్కటే. నేను ఒకే గ్రబ్ స్క్రూ పెట్టాను, వెనక గోడ ఆకురాయి పనిలో కాస్త ఉబ్బెత్తుగా మిగిలింది. షట్కోణపు కడ్డీని గుండ్రం చేస్తుంటే ఒక్కో మూల తగిలినప్పుడల్లా బిట్ కొద్దికొద్దిగా దిగింది. వ్యాసం ఒక కొసన ఒకలా, ఇంకో కొసన ఒకలా వస్తుంటే లేత్ అలైన్‌మెంట్ పోయిందేమోనని హెడ్‌స్టాక్ దాకా అనుమానించాను. తప్పంతా ఆ గోడది. చదును చూడటానికి బిట్‌కు మార్కింగ్ బ్లూ (తాకిన చోట అంటుకునే నీలి రంగు) పూసి గాడిలో రుద్దండి, రంగు గోడంతా అంటాలి. రెండు స్క్రూలు పెట్టండి. నూనె తుడిచి బిగించండి. మూడోదానికి ఇవన్నీ చేశాక బిట్ దిగడం నేను చూడలేదు.

సాన జిగ్ ఇంకా సులువు. గట్టి చెక్కలో గానీ అల్యూమినియంలో గానీ 90 డిగ్రీల వి-గాడి కోసి, బిట్ అందులో మూల మీద నిలబడేలా చేసి, రాయికి ఎదురుగా నేరుగా కాక 30 డిగ్రీలు ఏటవాలుగా వచ్చేలా అమర్చండి. కోసే మూల దగ్గర, బిట్ అంచుకూ సానబట్టిన ముఖానికీ మధ్య 60 డిగ్రీలు ఉంటే సరిగ్గా వచ్చినట్టు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. బిట్ కాస్త నీలం తిరిగినా హెచ్‌ఎస్‌ఎస్ మెత్తబడదు, కానీ ఎర్రగా కాలిన బిట్‌ను నీళ్లలో ముంచితే సన్నటి పగుళ్లు వస్తాయి. కొద్దికొద్దిగా తాకించి తరచూ చల్లార్చడమే మంచిది.

ముక్కుకు చిన్న గుండ్రం ఇవ్వడం మరవకండి. పదునైన మూల మరలాంటి గీతలు వదులుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: ఆ గుండ్రాన్ని బిట్ నిలువు అంచు వెంట నూనెరాయితో పైనుంచి 15 మి.మీ. దాకా లాగితే, పై ముఖం ఎన్నిసార్లు సానబట్టినా ముక్కు గుండ్రం అలాగే ఉంటుంది. 0.3 మి.మీ. దగ్గర ఆపండి. పెద్దదైతే చిన్న లేత్ కీచుమంటూ కంపిస్తుంది.

ఎత్తు పెట్టడానికి పలుచటి స్టీలు స్కేలును గుండ్రటి జాబ్‌కూ బిట్‌కూ మధ్య సుతారంగా నొక్కండి. స్కేలు నిలువుగా ఉంటే సెంటర్. పై కొస జాబ్ వైపు వాలితే బిట్ ఎత్తుగా ఉంది, మీ వైపు వాలితే కిందికి ఉంది. ప్యాకింగ్ రేకుల గోల లేదు, స్క్రూ వదులు చేసి బిట్‌ను జరపడమే. వేగం మామూలు హెచ్‌ఎస్‌ఎస్ వేగమే: మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 25 మీటర్ల దగ్గర, అంటే 20 మి.మీ. కడ్డీకి 400 ఆర్‌పీఎం.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. పార్టింగ్‌కు (జాబ్‌ను కోసి విడదీయడానికి) వేరే టూల్ కావాలి. భుజం దాకా త్రెడ్డింగ్‌కు (మరలు కోయడానికి) నేను ఇప్పటికీ పాత పద్ధతి బిట్‌నే వాడతాను. ఇత్తడి మీద జాగ్రత్త. 13 డిగ్రీల రేక్ ఇత్తడిలోకి తనంతట తానే దూసుకుపోయి జాబ్‌ను లాగేస్తుంది. ఇత్తడి కోసం వేరే బిట్‌ను 30కి బదులు 17 డిగ్రీల దగ్గర సానబట్టి ఉంచుకోండి, రేక్ దాదాపు సున్నా అవుతుంది. హోల్డర్ మార్చక్కర్లేదు, బిట్ మార్చితే చాలు. పోత ఇనుము పైపొర కూడా అంచును త్వరగా తింటుంది, అక్కడ మొదటి కట్ పొర కిందికి దిగేంత లోతుగా వేయండి.

బిట్ అరిగి పొట్టిదైతే పారేయకండి. రెండు స్క్రూలూ దాన్ని పట్టుకోగలిగినంత కాలం పనిచేస్తుంది. నా 6 మి.మీ. బిట్లలో ఒకటి సగం పొడవుకు వచ్చింది, ఇంకా అదే హోల్డర్‌లో ఉంది.