రెండు వారాలు ఫోన్ ఉండదంటే భయమేస్తోంది

ప్రశ్న: మా అమ్మాయికి 25 ఏళ్లు. ఏయూలో జియాలజీ చదివింది. అమెరికాలో యూటా ఎడారిలో మార్స్ మీద ఉన్నట్టే ఉండి పరిశోధన చేసే బృందానికి ఎంపికైంది. నవంబర్‌లో రెండు వారాలు. ఫోన్ ఉండదంటోంది, మగవాళ్లూ ఉంటారట. నిశ్చితార్థమైంది, మాఘంలో పెళ్లి. అబ్బాయి వాళ్లమ్మ "ఇప్పుడెందుకివన్నీ" అన్నారు. నేనూ అదే అంటే పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. మావారు నేవీలో సబ్‌మెరైన్ మీద చేసి రిటైరయ్యారు. ఆయన ఏమీ అనరు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీవారి గురించి ఒక్క ముక్కే రాశారు. నా చూపు అక్కడే ఆగింది. ఆయన సముద్రం అడుగున ఉన్నప్పుడు కబురుండేది కాదు, ఎప్పుడొస్తారో తెలిసేది కాదు. పిల్లని చంకనేసుకుని ఆ రోజులన్నీ మీరే నెట్టుకొచ్చారు. అప్పటి భయమే ఇప్పుడు మళ్లీ లేచిందనిపిస్తోంది నాకు.

ఇక ఆ చోటు. హ్యాంక్స్‌విల్ అనే ఊరి దగ్గర మార్స్ సొసైటీ అనే సంస్థ 2001 నుంచి నడుపుతున్న కేంద్రం ఉంది. రెండంతస్తుల గుండ్రటి ఇల్లు, ఆరేడుగురు మనుషులు, పడుకోవడానికి విడివిడిగా చిన్న గదులు. బయటికెళ్లాలంటే స్పేస్ సూట్ లాంటిది తొడుక్కోవాలి. ప్రాణం మీదికొస్తే మాత్రం మార్స్ నియమాలేవీ ఉండవు. హవాయిలో ఇలాంటి కేంద్రంలోనే 2018లో ఒకరికి కరెంట్ షాక్ కొడితే ఆస్పత్రికి తీసుకెళ్లారు, మొదలైన కొద్ది రోజులకే ఆ మిషన్ ఆపేశారు. మగవాళ్ల సంగతంటారా, ఫీల్డ్ క్యాంపులకెళ్లి రాళ్లు మోసుకొచ్చిన పిల్లకి అది కొత్త కాదు.

మార్స్ బాగా దూరంగా ఉన్నప్పుడు ఇక్కడి మాట అక్కడికి చేరడానికి 22 నిమిషాలు పడుతుంది. "తిన్నావా" అని అడిగితే "తిన్నా" అని వినడానికి ముప్పావు గంట. అలా ఉంటే మనుషులేమవుతారో చూడాలనే ఈ మిషన్లు. మాస్కోలో 2010-11లో ఆరుగురు 520 రోజులు తలుపులేసుకుని గడిపారు. కొందరికి నిద్ర దెబ్బతింది, కదలడమే తగ్గించేశారు. రెండు వారాలకి అంత ఉండదు. కానీ ఇంట్లో గొడవ పెట్టుకుని వెళ్తే, ఆ రెండు వారాలూ పిల్ల మనసు మల్కాపురంలోనే ఉంటుంది. అందుకే పంపండి, పంపేది సంతోషంగా పంపండి.

దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడ, ఇన్సూరెన్స్ ఉందా, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, రోజూ మెయిల్ రాయొచ్చా – ఇవి అమ్మాయినే అడిగి కాగితం మీద రాసుకోండి. అడ్డుపడటానికి కాకుండా తెలుసుకోవడానికి అడుగుతున్నారని తెలిస్తే తనే మాట్లాడుతుంది. అత్తగారి మాట రాశారు గానీ, అబ్బాయి ఏమన్నాడో రాయలేదు. పెళ్లి చేసుకునేది అతను. అమ్మాయినే నేరుగా చెప్పమనండి, మీరు మధ్యలో మాటలు మోయకండి.

ఒక సాయంత్రం ముగ్గురూ బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ చూసి రండి. ఆ ఇరుకు బంకులో ఎలా పడుకునేవారో, పక్కవాడి మీద కోపమొస్తే ఎక్కడికీ పోలేని చోట ఏం చేసేవారో మీవారిని చెప్పనివ్వండి. ఆ తర్వాత ఒడ్డున మీరెలా గడిపారో మీరు చెప్పండి. అది మీ అమ్మాయి ఇంతవరకూ విని ఉండదు.