బైకంటే పిచ్చి ఉన్నవాడు పోలీసైతే ఆ పిచ్చి నిలుస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు. చిన్నప్పటి నుంచీ వాడికి బైకంటే పిచ్చి. వీఐపీ కార్ల ముందు వెళ్లే పైలట్ బైకో, పెట్రోలింగ్ బైకో నడపాలని ఆశ. రోజూ అదే డ్యూటీ అయితే ఆ ఇష్టం మిగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

మిగులుతుందండీ. కాకపోతే ఇప్పుడు మీ తమ్ముడికి ఉన్న ఇష్టం, పదేళ్ల తర్వాత ఉండే ఇష్టం ఒకటి కావు. నాకైతే మధ్యలో ఒక ఆరు నెలలు పూర్తిగా పోయింది కూడా. అదీ చెప్తాను.

నేను 1983లో విజయనగరం ఆర్మ్‌డ్ రిజర్వులో, అంటే గార్డు, ఎస్కార్ట్ డ్యూటీల పోలీసు విభాగంలో చేరి, 2020లో ఏఎస్సైగా రిటైరయ్యాను. జిల్లా ఏర్పడిందే 1979లో. అంటే మేం చేరేసరికి అన్నీ కొత్తే, బండ్లు తప్ప.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఊరంతా సైకిళ్లే. పశువుల డాక్టరుగారికి మాత్రం ఒక రాజ్‌దూత్ ఉండేది. ఆయన మా వీధిలో ఏ ఆవుకో సూది వెయ్యడానికి ఆగితే, నేను బండి పక్కన గొంతుక్కూర్చునేవాణ్ణి. ఇంజిన్ ఆపాక వేడి సైలెన్సర్ చల్లారుతూ టిక్, టిక్ మంటుంది చూడండి, ఆ చప్పుడు ఆగిపోయేదాకా లేచేవాణ్ణి కాదు. ఆవు సంగతి ఏమైందో ఒక్కసారీ పట్టించుకోలేదు. మీ తమ్ముడూ ఇలాంటివాడే అయ్యుంటాడు.

పోలీసులో చేరితే బండి వెంటనే చేతికి ఇచ్చేస్తారనుకున్నాను. ఇవ్వలేదు. మోటారు ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌లో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవారు, హెడ్డుగారు అనేవాళ్లం. పెరేడ్ గ్రౌండులో ముగ్గుపిండితో రెండు గీతలు గీశారు, మధ్యలో అడుగున్నర వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. అందులోంచి బుల్లెట్ తోలమన్నారు. నేను రయ్యిమని దాటేసి గర్వంగా వెనక్కి చూశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"యాక్సిలేటర్ తిప్పితే గాడిదైనా ఎల్తాది. నెమ్మదిగా ఎల్లు, సూద్దాం" అన్నారు.

బడిలో పంద్రాగస్టుకి స్లో సైకిల్ రేసు పెట్టేవారు గుర్తుందా? అదే, నూట అరవై కిలోల పైబడిన బండి మీద. మొదటి రోజు పదిహేను అడుగులు కూడా కాలు దించకుండా వెళ్లలేకపోయాను. క్లచ్ పూర్తిగా వదలకూడదు, పూర్తిగా పట్టకూడదు. ఇంజిన్ కొంచెం లాగుతుండాలి, వెనక బ్రేకు కొంచెం ఆపుతుండాలి, ఆ రెండిటి మధ్య బండి నిలబడుతుంది. ముందు బ్రేకు ముట్టుకుంటే హ్యాండిల్ ఒక పక్కకి వాలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం చూపు. ముందు చక్రం వైపు చూశారా, పడ్డట్టే. గీత చివర చూడాలి. నెల రోజులు పట్టింది నాకు.

ఈమధ్య మా మనవడు ఫోన్లో వీడియోలు చూపించాడు. అమెరికాలో పోలీసులకి ట్రాఫిక్ కోన్‌లు దగ్గర దగ్గరగా పెట్టి, వాటి మధ్య పెద్ద పెద్ద హార్లీ బండ్లు నడక వేగంతో తిప్పిస్తున్నారు. డెట్రాయిట్ పోలీసులకి హార్లీ బండి అందింది 1908లోనట. జపాన్‌లో తెల్ల బైకుల పోలీసులు ఉంటారు, శిరోబాయి అంటారు, వాళ్లకి పోటీలే పెడతారు. అదే క్లచ్, అదే వెనక బ్రేకు, అదే చూపు. మా హెడ్డుగారు వీడియో చూడలేదు, విమానం ఎక్కలేదు. ఆ పాఠమే ముగ్గుపిండితో చెప్పారు.

ఈ విద్య ఎక్కడ పనికొచ్చిందంటే పైడితల్లి అమ్మవారి పండక్కి. పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, తిరిగేది విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనం ఎలా ఉంటారో విజయనగరం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకసారి తొలేళ్ల రాత్రి గంటస్తంభం వైపు నుంచి అర్జెంటు కబురు పట్టుకుని రావలసి వచ్చింది. దిగి నడిచి వెళ్లవచ్చు, కానీ బండి ఎక్కడ వదలను? ఫస్ట్ గేరులో, క్లచ్ సగం పట్టి, జనంతోపాటు నడిచాను. నడిచాను అనే అనాలి. నా ముందు ఒకాయన భుజాల మీద చంటిపిల్ల, చేతిలో బూర. ఆ పిల్ల వెనక్కి తిరిగి నా హెడ్‌లైటు మీద బూరతో కొడుతూనే ఉంది. నేను కాలు దించితే ఎవరి పాదమో నలుగుతుంది. కోట దాకా దించలేదు. నా సర్వీసులో నేను బాగా బండి నడిపానని చెప్పుకోగలిగింది ఆ అర కిలోమీటరే.

పైలట్ డ్యూటీ గురించి ఎక్కువ చెప్పను. చూసేవాళ్లకి దర్జాగా ఉంటుంది. చేసేవాడికి సగం ఎదురుచూపులు, సగం టెన్షన్. ఎండలో మూడు గంటలు రోడ్డు పక్కన నిలబడి, కాన్వాయ్ వచ్చాక పది నిమిషాలు తోలి, మళ్లీ నిలబడటం. వేగం మీ చేతుల్లో ఉండదు, వెనక కారు చేతుల్లో ఉంటుంది.

ఇక బుల్లెట్. మద్రాసు తిరువొత్తియూరులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినప్పటి నుంచీ సైన్యానికి, పోలీసుకి ఆ బండే. ఇప్పటి పిల్లలకి బటన్ నొక్కితే స్టార్టవుతుంది. మా బండికి మర్యాద చెయ్యాలి. తాళం తిప్పి, కిక్ రాడ్ మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ ముల్లు చూడాలి. ముల్లు మధ్యకి రాగానే ఆపి, ఎడమ చేత్తో ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లీవర్ పట్టి, కిక్ ఇంకో రవ్వ దించి వదలాలి. కిక్ రాడ్ పైకి వచ్చాక, అప్పుడు ఒక్కటే తన్ను, నిండుగా. భయపడి సగం తన్నితే అది తిరిగి తంతుంది. మా బ్యాచ్‌లో కుడికాలి మడమ మీద మచ్చ లేనివాడు లేడు. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇరవై ఏళ్లు అలా తోలాక గేరు ఎడమకి మారిన కొత్త బండి ఇచ్చారు. మొదటి రోజు మయూరి జంక్షన్లో గేరనుకుని బ్రేకు తొక్కి, నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనకాల ఆటో అతను "ఏటి సార్, బండి కొత్తా?" అన్నాడు. బండి కొత్తే, కాళ్లే పాతవి.

బండి వినడం నేర్పింది మాత్రం పోలీసు డిపార్ట్‌మెంటు కాదు, సాలూరు. లారీల పనికి ఈ వైపు పేరున్న ఊరు. ఒరిస్సా ఘాట్ ఎక్కే ముందు డ్యూటీ మీద ఆగినప్పుడు, ఒక ముసలి మెకానిక్ నా బండి చప్పుడు విని, చూడకుండానే "ట్యాపెట్ వదులైంది బావూ" అన్నాడు. నిజమే. అప్పటి నుంచి ప్రతి ఉదయం బండి స్టార్ట్ చేసి ఒక నిమిషం ఊరికే నిలబడి వినడం అలవాటు చేసుకున్నాను. మా ఆవిడ దీన్ని పూజ అనేది.

ఇష్టం పోయిన సంగతి ఇప్పుడు చెప్తాను. సంక్రాంతి వెళ్లిన వారం, చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారి, చీకటి పడుతోంది. మన వైపు రైతులు ఉలవ కంపలు రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. కంప తీసేశారు, గింజలు కొన్ని మిగిలాయి. తారు మీద ఉలవలంటే బేరింగు గుళ్ల మీద తోలినట్టే. మలుపులో ముందు చక్రం జారింది. కాలర్ బోన్ విరిగింది. ఎవరిని తిట్టను? మా ఇంట్లోనూ పరిచేవాళ్లు.

ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. భయం అతుక్కుపోయింది. బుల్లెట్ చప్పుడు వింటే అరచేతులు చెమటపట్టేవి. ట్రెజరీ గార్డు డ్యూటీ అడిగి వేయించుకున్నాను. బండి వద్దన్నానంటే నాకు ఏదో జబ్బు చేసిందని ఇంట్లో అనుకున్నారు. ఒకరోజు మా ఆవిడ "రామతీర్థం తీసుకెళ్లండి" అంది. బస్సులో వెళ్దామన్నాను. "బస్సయితే నేనొక్కదాన్నే ఎల్లగలను" అంది. బావమరిది బండి అడిగి తెచ్చాను. మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల దారి, ఆరోజు ముప్పావుగంట పట్టింది. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. నెల్లిమర్ల దగ్గర మా పాత స్నేహితుడొకడు పలకరిస్తే తల తిప్పలేదు. మా ఆవిడ దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. గుడి దగ్గర దిగి, "తిరిగి తోలాల్సింది కూడా మీరే" అని లోపలికి వెళ్లిపోయింది. వచ్చేటప్పుడు కొంచెం తొందరగానే వచ్చాం.

డ్యూటీ వల్ల కూడా మనసు విరుగుతుంది, దాచడం ఎందుకు. ఒకచోట, ఊరు చెప్పను, క్లచ్ వైరు తెగితే కాగితం పెట్టాను. రెండు నెలలు బండి షెడ్డులో ఉంది. చివరికి నా జేబులోంచి కొని వేసుకున్నాను. తర్వాత లాగ్‌బుక్‌లో నాలుగు కిలోమీటర్లు తేడా వచ్చిందని మెమో ఇచ్చారు. వైరు ఎవరు కొన్నారని మాత్రం అడగలేదు. ఇలాంటివి మీ తమ్ముడికీ ఎదురవుతాయి. అప్పుడు బండి మీద కోపం తెచ్చుకోవద్దని చెప్పండి, పాపం దానికేం తెలుసు.

ఒకటి మాత్రం తనివితీరా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. మమ్మల్ని కొందరిని పలాస పంపారు. అప్పటికి నాకు యాభై ఎనిమిది. ఉద్దానం ఎప్పుడైనా చూశారా? రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి, జీడి తోటలు, తలెత్తితే ఆకాశం కనపడదు. ఆరోజు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. చెట్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. జీపు మొదటి కిలోమీటరులోనే ఆగిపోయింది. నాకూ, ఒక కుర్ర కానిస్టేబుల్‌కీ ఒక బైకు ఇచ్చి మందస వైపు పల్లెలు చూసి రమ్మన్నారు.

కొబ్బరి మాను అడ్డంగా పడితే బండి ఎక్కదు. మాను గుండ్రం, పైగా తడి. మేం మట్టలు తెచ్చి, మొదళ్లు మానుకి ఆనించి, ఇటూ అటూ వాలుగా పేర్చేవాళ్లం. ముందు చక్రం ఇద్దరం ఎత్తి పెట్టాక, నేను పక్కన నడుస్తూ ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దికొద్దిగా వదిలితే వెనక చక్రం పాకుతూ ఎక్కేది. ముగ్గుపిండి గీతల పాఠమే. కరెంటు తీగలు కనపడినచోట మాత్రం దిగి, దూరం నుంచి చుట్టు తిరిగి వెళ్లేవాళ్లం. ఎన్ని మానులు దాటామో లెక్క లేదు.

ఒక పల్లెలో ఒక ముసలమ్మ బండికి అడ్డం వచ్చింది. నీళ్లో, బియ్యమో అడుగుతుందనుకున్నాను.

"బావూ, కాశీబుగ్గలో మా పెద్దగుంట ఉంది. మేం బతికే ఉన్నావని ఓ మాట సెప్పీగలవా?" అంది. పెద్దగుంట అంటే పెద్ద కూతురు.

ఫోన్లు లేవు, టవర్లు పడిపోయాయి. పేరు, వీధి జేబు పుస్తకంలో రాసుకున్నాను. అది చూసి పక్కింటావిడ వచ్చింది, ఆమె వెనక ఇంకొకరు. సాయంత్రానికి రెండు పేజీలు నిండాయి. రాత్రి కాశీబుగ్గలో, పలాసలో టార్చి పట్టుకుని తలుపులు కొట్టాం. పోలీసులు తలుపు కొడితే జనం ముందు ఏడుస్తారు, అందుకే తలుపు తెరవకముందే "అందరూ బాగున్నారమ్మా" అని గట్టిగా అరిచేవాళ్లం. మూడు ఇళ్లు దొరకలేదు. మర్నాడు మమ్మల్ని వేరే వైపు వేశారు. ఆ మూడు పేర్లు ఇంకా ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

మీ తమ్ముడి విషయానికి వస్తే, సివిల్‌లో పడితే స్టేషన్, బీటు, బ్లూ కోల్ట్స్ అనే గస్తీ బైకు దొరకొచ్చు. ఆర్మ్‌డ్ రిజర్వు అయితే గార్డు, ఎస్కార్ట్, అదృష్టం ఉంటే పైలట్. మొదటి రోజే బండి అడగొద్దని చెప్పండి. శిక్షణ బుద్ధిగా పూర్తిచేసి, లైసెన్సు కాగితాలు దగ్గర పెట్టుకుని, బండ్లు చూసే హెడ్డుగారి దగ్గర రెండు ఆదివారాలు ఊరికే బండ్లు తుడవమనండి. వాళ్లు గమనిస్తారు. నడుం, మోకాళ్లు జాగ్రత్త. నాకిప్పుడు మెట్లు ఎక్కడం కష్టం, బండి ఎక్కడం కాదు. సొంత బండి కూడా ఒకటి ఉంచుకోమనండి, డ్యూటీ బండి కాకుండా. నాకు బొబ్బిలిలో ఒక మాస్టారి దగ్గర కొన్న పాత బుల్లెట్ ఉంది. గేరు కుడి పక్కే.

ఈలోపు ఖాళీగా ఉంటే ముప్పై అడుగుల గీతలు గీసి తోలమనండి. మొదట్లో పది సెకన్లు పడుతుంది. ఇరవై దాటితే బాగా వచ్చినట్టు. కాలు కింద పెడితే మళ్లీ మొదటి నుంచి.