హైదరాబాద్‌ను ప్లాన్ చేసింది మీర్ మోమిన్ అంటారు. ఆయన ఎవరు? ఆయన గుర్తులు ఇప్పుడేమైనా మిగిలాయా?

నేను సైదాబాద్‌లో పుట్టి పెరిగాను. ఆ ఊరు వేయించిన మనిషి పేరు మాత్రం నలభై దాటాక తెలిసింది. అది కూడా ఒక అంత్యక్రియల దగ్గర. ఆఫీసులో పదేళ్లు నా పక్క సీట్లో కూర్చున్న మిత్రుడి నాన్నగారు పోతే, జనాజా వెంట సుల్తాన్ షాహీ దగ్గరున్న దాయిరాకు, అంటే ఖబరస్తాన్‌కు వెళ్లాం. మూడు గుప్పిళ్ల మట్టి వేసి తిరిగొస్తుంటే వాళ్ల పెద్దాయన ఒకరు నన్ను ఆపి ఒక సమాధి చూపించారు. "ఈ జాగా ఈయనిచ్చిందే బాబూ. మనం తిరిగే షహర్ కూడా" అన్నారు. ఆ రోజు నుంచి మీర్ మోమిన్ గురించి దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

పూర్తి పేరు మీర్ ముహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ. ఇరాన్‌లో ఇప్పుడు గుర్గాన్ అంటున్న అస్తరాబాద్ ఆయన సొంతూరు. బాగా చదువుకున్న సయ్యదుల, అంటే ప్రవక్త వంశస్థుల ఇల్లు. ఇరాన్ రాజు షా తహ్మాస్ప్ కొడుకు హైదర్ మీర్జాకు చదువు చెప్పేవారు. 1576లో తహ్మాస్ప్ చనిపోగానే గద్దె కోసం జరిగిన గొడవలో ఆ శిష్యుణ్ణి చంపేశారు. తను అక్షరాలు నేర్పిన పిల్లవాడికి అలా అయ్యాక ఆ దర్బారులో ఉండటం ఎవరికైనా కష్టమే. ఆయన దేశం వదిలి 1581లో గోల్కొండ చేరారు. అప్పటికి ఇక్కడ ముహమ్మద్ కులీ కుతుబ్ షా గద్దెనెక్కి ఏడాది, కుర్రవాడు. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఈ పండితుడు పేష్వా అయ్యారు. పేష్వా అనగానే మనకు పూనా గుర్తొస్తుంది గానీ, గోల్కొండలో అది ప్రధానమంత్రి హోదా.

ఇక ప్లాన్ సంగతి. కోటలో జనం పెరిగిపోయి ఇరుకైంది, నీళ్లకు ఇబ్బంది. మూసీ మీద పురానా పుల్ అప్పటికే, అంటే 1578 నాటికే, ఉంది. అవతలి ఒడ్డున ఖాళీ నేల. గోల్కొండ నుంచి మచిలీపట్నం ఓడరేవుకు పోయే దారి అటే. 1591లో, అంటే హిజ్రీ వెయ్యో ఏట, ఆ దారిని ఇంకో దారి అడ్డంగా దాటేలా వేసి, కూడలిలో చార్మినార్ నిలబెట్టారు. ఆ తర్వాత చార్ కమాన్ అనే నాలుగు తోరణాలు, బజార్లు, 1595లో దారుల్‌షిఫా ఆసుపత్రి వచ్చాయి. హైదరాబాద్‌ను ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం చూసి కట్టారని చాలామంది రాస్తుంటారు. నాకు అది ఎంతమాత్రం కుదరదు. ఇస్ఫహాన్‌లోని ఆ పెద్ద చౌక్ పని ఇరాన్ రాజు షా అబ్బాస్ మొదలుపెట్టింది 1598 ప్రాంతంలో. అప్పటికి చార్మినార్‌కు ఏడేళ్లు. మీర్ మోమిన్ ఉద్యోగం చేసిన దర్బారు కజ్వీన్‌లో ఉండేది. ఆయన మనసులో ఏదైనా ఇరానీ నగరం ఉంటే అదే అయి ఉండాలని నా నమ్మకం.

నాకు ఆయన మీద అసలు ప్రేమ కలిగించింది మాత్రం ఒక చిన్న పుస్తకం. పేరు రిసాలా మిఖ్దారియా. ఫార్సీలో తూకాల గురించి, కొలతల గురించి రాశారు. మా నాన్నది కిరాణా కొట్టు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే త్రాసు తుడిచి, గుండ్లు వరసగా పెట్టాకే బేరం మొదలయ్యేది. "తూకంలో పోయిన పరువు మళ్లీ రాదురా" అనేవారు. మతగ్రంథాల్లో జకాత్ అనే తప్పనిసరి దానానికి ధాన్యం ఎంత, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూకు నీళ్లెన్ని అన్నదంతా పాత అరబ్బు కొలతల్లో ఉంటుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో గుండు నడిచే కాలంలో మామూలు మనిషికి అది ఎలా తెలుస్తుంది? రాజ్యం నడిపే మంత్రి కూర్చుని దానికోసం పుస్తకం రాశాడంటే నాకు మా నాన్న త్రాసే కళ్ల ముందు కదిలింది.

1612లో ముహమ్మద్ కులీ మగ సంతానం లేకుండా పోయారు. గద్దె ఆయన అన్నదమ్ముల బిడ్డ, అల్లుడు కూడా అయిన సుల్తాన్ ముహమ్మద్‌కు నెత్తురు చిందకుండా అందింది. ఆ సమయంలో పేష్వా ఈయనే. ఇరాన్‌లో అదే సందర్భంలో శిష్యుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఇక్కడ అలా జరగనివ్వలేదు. చదివిన ప్రతిసారీ నేను ఇక్కడ కాసేపు ఆగిపోతాను.

గుర్తులంటారా, మా సైదాబాద్‌లో ఆయన 1605లో కట్టించిన మసీదు ఉంది. మీర్‌పేటలో ఉన్న మీర్ కూడా ఆయనేనంటారు. కానీ అన్నిటికన్నా పెద్ద గుర్తు దాయిరాయే. చనిపోయినవాళ్ల కోసం ఆయన విడిచిన నేల అది. షియాలకు పవిత్రమైన కర్బలా మట్టి తెప్పించి అందులో కలిపారని చెప్పుకుంటారు. 1625లో ఆయన్నూ అక్కడే ఖననం చేశారు. నిజాం దివాన్‌గా చేసిన మొదటి సాలార్ జంగ్ సమాధి అక్కడే ఉంది. 1968లో హైదరాబాద్‌లో కన్నుమూసిన హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ గారిదీ అక్కడే. రాళ్ల మీద పేర్లు చెరిగిపోయినవాళ్లు వాళ్ల పక్కనే ఉన్నారు.

చూడాలనుకుంటే చార్మినార్ నుంచి లాల్ దర్వాజా వైపు వెళ్లి ఎవరినడిగినా చెబుతారు. పొద్దున పూట వెళ్లండి. అది ఇప్పటికీ మనుషుల్ని పూడ్చే చోటే కాబట్టి ఫొటో తీసేముందు అక్కడున్నవాళ్లను ఒక్క మాట అడగండి. మా మిత్రుడి నాన్నగారి సమాధి దగ్గరికి నేను ఏటా వెళ్తాను, వెళ్లినప్పుడల్లా మీర్ సాబ్ దగ్గర కూడా కాసేపు నిలబడి వస్తాను.