ఆ నవ్వు మేడ మీదికీ వినిపించింది

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. రాజమండ్రి దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 26, బెంగళూరులో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చాడు. పండగ రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ టీవీలో కామెడీ స్కిట్ చూస్తున్నాం. అందులో ఒకతను గులాబీ చొక్కా వేసుకుని, నడుము తిప్పుకుంటూ కనిపించిన ప్రతి మగవాడి మీదా పడుతుంటాడు. అందరం పగలబడి నవ్వాం. 'ఇలాంటి తేడాగాడు మనింట్లో పుడితే గోదాట్లో దూకడమే' అని నోరు జారాను. మావాడు లేచి మేడ మీదికి వెళ్లిపోయాడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, వాడు ఆ పొద్దున్నే బస్సెక్కేశాడు. వారం తర్వాత మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, 'బాబాయ్, తమ్ముడు గే. నాలుగేళ్ల కిందటే నాతో చెప్పాడు' అంది. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వాడు ఆ స్కిట్‌లో వాడిలా ఏమీ ఉండడు. అయినా కామెడీని కామెడీగా చూడాలి కదా? బట్టతల మీద, నత్తి మీద కూడా జోకులేస్తారు. కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారతాడా? వాడితో ఏమని మాట్లాడాలి?

జవాబు: 'ఆ స్కిట్‌లో వాడిలా ఏమీ ఉండడు' అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. కళ్లముందు పెరిగిన కొడుకు ఒకవైపు, పది నిమిషాల స్కిట్‌లో గులాబీ చొక్కా ఒకవైపు. గే అంటే ఎలా ఉంటాడో మీరు ఆ చొక్కాని చూసి తేల్చుకుంటున్నారు. ఇందులో మిమ్మల్నొక్కరినే అనడానికి లేదు. మన తరానికి గే అనే మనిషి పరిచయమైందే అలా. సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు! హీరో, అతని స్నేహితుడు కాలు జారి ఒకరి మీద ఒకరు పడతారు, సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తీసి 'ఛీ ఛీ' అంటూ పారిపోతారు. లేదంటే ఒక టైలరో మేకప్ మ్యానో చేతులు తిప్పుతూ వచ్చి హీరోని తడుముతాడు, హీరో గోడకి అతుక్కుపోతాడు. నేనూ నవ్వాను, కళ్లల్లో నీళ్లొచ్చేలా. ఈ పనిలోకి వచ్చి, ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లు చెబితేగాని తెలియలేదు, ఆ హాల్లో వాళ్లు కూడా ఉండేవాళ్లని. తమ చేతులు ఎలా ఊగుతున్నాయో, గొంతు ఎలా ఉందో చూసుకుంటూ, పక్కవాళ్ల కంటే కాస్త గట్టిగానే నవ్వేవాళ్లని. నవ్వకపోతే అనుమానం వస్తుంది కదా.

ఆ వేషాన్ని కాస్త విప్పి చూద్దాం. మగవాణ్ని ఇష్టపడే మగవాడు ఆడంగిలా ఉంటాడన్నది అందులో మొదటి మాట. ఆడ నడక, ఆడ గొంతు మనకు కొత్తా? స్థానం నరసింహారావు సత్యభామగా స్టేజీ ఎక్కితే జనం ముగ్ధులైపోయేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసి చేతులు జోడించిన ఊళ్లు మనవి. అది కళ, ఎవరిని ఇష్టపడతారన్న సంగతికీ దానికీ ముడి లేదు. ఒక మనిషి నడకని బట్టి అతని మనసు చెప్పలేం, అంతే. అలాగని నడక, మాట మెత్తగా ఉండే గేలు లేరని కాదు. 'మావాడు అలా కాదులే' అని ఊరటపడి వాళ్లని వదిలేస్తే అదీ అన్యాయమే.

రెండోది ఇంకా చెడ్డది. కనబడ్డ ప్రతి మగవాడి మీదా పడతాడట! మీరు ఆడవాళ్లను ఇష్టపడే మనిషే కదా, వీధిలో వెళ్లే ప్రతి ఆవిడ మీదా పడ్డారా?

బట్టతల సంగతి అడిగారు. అది కూడా నొప్పి పెట్టే జోకే, కాదనను. కానీ బట్టతల ఉన్నవాడు ఇంటికొచ్చి దాన్ని నాన్న దగ్గర దాచుకోడు, బట్టతల ఉందని ఎవర్నీ ఇంట్లోంచి గెంటేయలేదు. గే సంబంధాలని నేరంగా చూసిన 377వ సెక్షన్ ఇంగ్లిష్ వాళ్లు 1860లో రాసిపెట్టి పోయారు. ఇష్టపూర్వకంగా కలిసుండే పెద్దవాళ్లకి అది వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. అప్పటికి మీవాడు కాలేజీ వయసులో ఉండుంటాడు. అంటే వాడు పెరిగిన ఏళ్లలో చాలావరకు మన దేశపు చట్టం ముందు వాడిలాంటివాళ్ల ప్రేమ నేరం కిందే లెక్క. దాని పైన ఈ జోకులు.

గేల మీద ఏ జోకూ వేయకూడదని నేననను. పెళ్లిచూపులు తప్పించుకోవడానికి తాను ఆడిన అబద్ధాల గురించి ఒక గే కుర్రాడు చెబితే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అందులో తెలివి ఉంది, నొప్పి ఉంది, అన్నిటికీ మించి చెప్పేది అతనే. మీరు చూసిన స్కిట్‌లో ఆ మనిషి ఏమీ చెప్పడు. అతను ఉండటమే జోకు. అతను నిజంగా మీ గదిలో కూర్చుని ఉంటే అలా నవ్వగలిగేవారా? కూర్చునే ఉన్నాడండీ, మీ పక్కనే.

ఇంకో మాట. మీవాడు లేచి వెళ్లింది ఆ స్కిట్‌కి కాదని నాకనిపిస్తోంది. అలాంటివి వంద చూసుంటాడు. వాడు లేచింది మీ గోదారి మాటకి. నాన్నకి చెప్పొచ్చా, చెప్పకూడదా అని ఇలాంటి పిల్లలు ఏళ్ల తరబడి మన ముఖం చూసి లెక్కలేసుకుంటారు. టీవీ ముందు మనం అలవోకగా అనేసేవే వాళ్లకి జవాబులు.

మారతాడా అంటే, మారడు. మార్చాల్సిన జబ్బు కాదది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని చెప్పింది. మారుస్తామని వైద్యం చేయడం డాక్టర్ల వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. షాకులని, హార్మోన్లని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 'పెళ్లి చేస్తే సర్దుకుంటాడు' అని మీ బంధువుల్లో ఒకరు తప్పక అంటారు. పరాయి ఇంటి ఆడపిల్ల బతుకుని ఈ ప్రయోగానికి పెట్టకండి. మీకు నిద్ర పట్టకపోతే, టెన్షన్ తగ్గకపోతే మాత్రం 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే టెలీమానస్ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక వాడితో మాట. మీ అన్నయ్య గారి అమ్మాయి మంచికే చెప్పినా, వాడు చెప్పుకోవాల్సింది ఆమె చెప్పేసింది. అందుకని 'నువ్వు గేనట కదా' అని మొదలుపెట్టకండి. వాళ్లమ్మకి కూడా వాడికంటే ముందు మీరు చెప్పకండి. ఆ అమ్మాయితో ఇంకెవరి దగ్గరా అనొద్దని ఒక్కమాట చెప్పండి. మీరు చేయాల్సింది మీ మాట వెనక్కి తీసుకోవడం. 'నాన్నా, పండగ రాత్రి నేనన్న మాట తప్పు. మనింట్లో ఎవరు ఎలా పుట్టినా నేను ఎక్కడా దూకను, వాళ్ల చెయ్యీ వదలను.' అక్కడితో ఆపండి. వాడు వెంటనే చెప్పొచ్చు, ఆరు నెలలకి చెప్పొచ్చు. 'అక్క చెప్పిందా?' అని సూటిగా అడిగితే మాత్రం అబద్ధం ఆడకండి.

ఇంట్లో ఆ 'తేడా' అన్న మాట మానేయండి. ఎవరైనా మళ్లీ అలాంటి స్కిట్ పెట్టినా, ఫ్యామిలీ గ్రూపులో అలాంటి వీడియో పంపినా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, 'ఇందులో నవ్వడానికేముందిరా' అంటే చాలు. గ్రూపులో మీవాడు కూడా ఉన్నాడుగా, చూస్తాడు.

ఫోన్ ఆదివారం పొద్దున చేయండి, ఆఫీసు హడావుడి ఉండదు. ఎత్తకపోతే టైపు చేసి పంపకండి. అదే మాట వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆ రాత్రి వాణ్ని మేడ మీదికి పంపింది మీ గొంతే కదా, ఇదీ ఆ గొంతుతోనే విననివ్వండి.