గీత పడకముందే చెప్పవలసిన మాటలు

ప్రశ్న: మా నాన్నగారి షష్టిపూర్తికి సీతారామ కల్యాణం కలంకారీ చిత్రం ఇవ్వాలని శ్రీకాళహస్తిలో ఒక చిత్రకారుడికి అడ్వాన్సు పంపాను. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. ఆయన బొగ్గుతో వేసిన బొమ్మ ఫోటో పంపినప్పుడు ఆఫీసు హడావిడిలో ఉండి ‘బాగుంది’ అని మాత్రం రాశాను. పది రోజులకు ఇంకో ఫోటో వచ్చింది. గుడ్డంతా పసుపుపచ్చగా ఉంది, నల్లగీతలు తప్ప ఎరుపు ఎక్కడా లేదు, అమ్మ కోరిన తులసికోటా లేదు. కోట సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పినట్టు గుర్తు. ‘రంగులేవి? కోట ఏది? ఇదేనా పని?’ అని వాట్సాప్‌లో అడిగాను. జవాబు రాకపోతే ప్రశ్నార్థకాలు పెట్టాను. నాలుగు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. వేడుకకు ఇంకా రెండు నెలలుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ముందుగా రంగుల విషయంలో మీ మనసు కుదుటపడాలి. మీరు చూసిన పసుపు లోపం కాదు. నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయ వగరు పట్టడం వల్ల ఆ ఛాయ వస్తుంది, పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత పక్కకు పాకకుండా ఉంటుంది. బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో ఆ గుడ్డ మీద గీసినప్పుడు, ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి నలుపుగా మారతాయి. ఇక ఎరుపు రావలసిన చోట కలంతో పూసేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్లు. దాన్ని ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, రంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తేనే పటిక పట్టిన మేర ఎరుపు నిలుస్తుంది. మీకు ఫోటో వచ్చిన నాటికి ఆ ఎరుపు కంటికి కనిపించే అవకాశమే లేదు. ‘ఎరుపు ఎప్పుడు వస్తుందండీ?’ అని అడిగి ఉంటే ఆయన సంతోషంగా చెప్పి ఉండేవారు, ‘ఇదేనా పని?’ అన్న మాటకు ఏ చిత్రకారుడూ జవాబు వెతుక్కోలేడు.

తులసికోట విషయంలో మాత్రం పొరపాటు మీ వైపు కూడా ఉందని చెప్పక తప్పదు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో వేసిన గీతను గుడ్డపీలికతో దులిపేసి ఎన్నిసార్లయినా మార్చవచ్చు. నల్లగీత పడ్డాక ఎంత ఉతికినా పోదు, అది పోకపోవడమే ఈ పని గొప్పతనం. అందుకే బొగ్గుబొమ్మ ఫోటో పంపడమంటే ‘మార్పులుంటే ఇప్పుడే చెప్పండి’ అని అడగడం. మీరు రాసిన ‘బాగుంది’ని ఆయన అనుమతిగా తీసుకుని కలం పట్టారు.

శ్రీకాళహస్తిలో ఒక ఇంటి వరండాలో కూర్చుని నేనొకసారి ఈ పని చూశాను. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని నలుపులో ముంచి, ఆ ఉన్నిని వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ ఒక పెద్దాయన సీతమ్మ పైటకొంగు గీస్తున్నారు. పక్కనున్న ఫోన్ నాలుగుసార్లు మోగినా ఆయన తల ఎత్తలేదు. గీత మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ నలుపు ముద్దగా దిగుతుందని, కొంగు చివరిదాకా వెళ్లాక చెప్పారు. ఫోన్ తీయకపోవడాన్ని నిర్లక్ష్యమని నేను ఆ తరువాత ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఒక పూర్తి ఉత్తరం లాంటి సందేశం రాయడం. ఇలా రాయవచ్చు: ‘నమస్కారమండీ. పని తీరు తెలియక తొందరపడి కటువుగా రాశాను, మన్నించండి. బొగ్గుబొమ్మ చూసినప్పుడే తులసికోట గురించి చెప్పవలసింది, నేను గమనించలేదు. ఇప్పుడు అంచులో గానీ ఖాళీ ఉన్న మరోచోట గానీ దానికి వీలుంటుందా? వీలుంటే అదనపు పనికి ఎంత ఇవ్వాలో చెప్పండి, లేకపోతే ఉన్నది ఉన్నట్టే పూర్తి చేయండి. మీకు వీలైన సమయం చెబితే ఫోన్ చేస్తాను.’ ఆ తరువాత రెండు మూడు రోజులు ఆగండి. ‘లేకపోతే ఉన్నది ఉన్నట్టే’ అన్న మాటను దయచేసి తీసివేయకండి. కాదనే వీలు ఇవ్వని అభ్యర్థన ఎంత మెత్తగా ఉన్నా ఆజ్ఞే అవుతుంది.

మళ్లీ ఎప్పుడైనా చిత్రం వేయించుకుంటే, కొలతలు, కథలోని ఏ ఘట్టం, తప్పక ఉండవలసిన వస్తువులు, పూర్తిగా సహజరంగులే కావాలా, చిత్రం ఏ గోడ మీదికి, ఏ తేదీకి అన్నవన్నీ ఫోన్‌లో మాట్లాడాక కూడా ఒకే సందేశంలో రాసి పంపండి. మీ దగ్గరున్న డబ్బెంతో దాచకుండా చెప్పి, అందులో ఏ కొలత వస్తుందని అడగడం, ఆయన ధర చెప్పాక సగానికి బేరమాడడం కన్నా ఇద్దరికీ గౌరవం. కొయ్య అచ్చులతో అద్దే పెడన కలంకారీ ధరను చూపి, కలంతో గీసే పని ధర తగ్గించమనడం అస్సలు తగదు. గడువు విషయంలో వానలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ పనికి ఎండ కావాలి, పారే నీళ్లు కావాలి. శ్రీకాళహస్తి వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కనుక ఆ నెలల్లో ఇచ్చిన పనికి అదనంగా కొన్ని వారాలు మీరే ముందుగా ఇవ్వండి. మరో చిత్రకారుడి బొమ్మ పంపి ‘అచ్చం ఇలాగే’ అనడం కూడా మంచిది కాదు. అందులో మీకు నచ్చింది ముఖమా, అంచా, రంగుల పొందికా అన్నది చెబితే చాలు, ఆయన తనదైన తీరులో వేస్తారు.

ప్రశ్న: డబ్బిచ్చి వేయించుకున్న చిత్రాన్ని మా అమ్మాయి శుభలేఖ మీద అచ్చు వేయిస్తామంటే చిత్రకారుడు ఇంకొంత ఇవ్వమంటున్నారు. మాకు ఆ హక్కు లేదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవారే కాపీరైటుకు తొలి యజమాని. కానీ ఆయన అంతకుముందే వేసి ఉంచిన చిత్రాన్ని మీరు కొనుక్కుని ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు. ఇక హక్కు ఎవరిదైనా, 57వ సెక్షన్ ప్రకారం ఆ చిత్రం తనదని చెప్పుకునే హక్కు చిత్రకారుడికి ఉంటుంది, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పవచ్చు. ఆయన అడగడానికి కారణం, ధర చెప్పేటప్పుడు గోడకు మాత్రమే అనుకోవడం కావచ్చు. శుభలేఖ సంగతి మీరు అప్పుడే చెప్పి ఉండవలసింది. ఇప్పుడు కొంత మొత్తం ఇచ్చి, శుభలేఖ వెనుక ఆయన పేరు, ఊరు అచ్చు వేయించి, మొదటి ప్రతిని ఆయనకు పంపండి.