చేతి మోవర్ సరే, అంత లాన్ ఎందుకు?

ప్రశ్న: అమ్మా, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. పావు ఎకరం లాట్‌లో ఇల్లు పోగా మిగిలిందంతా బెర్ముడా గడ్డే. గడ్డి కోసే పెట్రోలు మోవర్ మోత పడలేక, ఇంజన్ లేకుండా తోసుకునే చేతి మోవర్ కొందామనుకుంటున్నాను. నెల తిరక్కుండానే గరాజ్‌లో మూల పడేస్తావంటోంది మా ఆవిడ. కొనమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: కొనండి బాబూ. కానీ ఇప్పుడున్న లాన్ మొత్తానికి దాన్నే నమ్ముకుంటే మీ ఆవిడ మాటే నిజమవుతుంది.

మీరు బెర్ముడా అంటున్నది మన గరికే, వినాయకుడికి పెట్టే గరిక. పొట్టిగా పెరిగే ఈ గడ్డికి చేతి మోవర్ బాగా నప్పుతుంది. పెట్రోలు మోవర్ బ్లేడు గడ్డిని కొట్టి తెంపుతుంది. మొద్దుబారిందంటే కొసలు పీచులుగా చీలి తెల్లబడతాయి. చేతి మోవర్‌లో మెలితిరిగిన బ్లేడ్లు కింది పట్టీకి ఆనించి కత్తెరలా కత్తిరిస్తాయి. గడ్డి అంగుళంన్నర ఉండాలంటే రెండుంపావు దాటకముందే కొయ్యాలి. వానపడ్డ జూన్‌లో నాలుగైదు రోజులకే ఆ ఎత్తుకి వచ్చేస్తుంది. ఒకసారి నేను ఊరెళ్లి పన్నెండు రోజులకి వచ్చి తోస్తే, గడ్డి వంగి పడుకుంది తప్ప తెగలేదు. పెకాన్ చెట్టు పుల్ల ఒక్కటి ఇరుక్కున్నా బ్లేడ్లు టక్కున ఆగిపోతాయి, ముందే ఏరెయ్యాలి. పదునుందో లేదో తెలియాలంటే చేతికి గ్లౌజులేసుకుని, న్యూస్‌పేపరు ముక్క బ్లేడుకీ కింది పట్టీకీ మధ్య అందించి బ్లేడ్లని మెల్లగా తిప్పండి. తెగాలి. నలిగిందంటే సాన పట్టించాల్సిందే.

ఇక లాన్ సంగతి. ఒక శనివారం ఇంటి చుట్టూ తిరిగి, పిల్లలు నిజంగా ఆడే చోటు ఎంతో చూడండి. మా ఇంట్లో అయితే ఫెన్స్ పక్క సందులో, మెయిల్‌బాక్స్ దగ్గర వాలులో మేం అడుగుపెట్టింది గడ్డి కొయ్యడానికే. అది తెలిశాక వెనక 30 అడుగులకి 20 అడుగుల ముక్క ఉంచుకుని మిగతాది తీసేశాం. ఆ ముక్కకి పావుగంట చాలు.

తియ్యడమే కష్టం. అట్టముక్కలు పరిచి మట్టి పోస్తే గరిక చావదు, భూమిలో పాకే వేరు మళ్లీ తల ఎత్తుతుంది. గుంటూరు దగ్గర మా నాన్న నడివేసవిలో పొలం దున్ని, గరిక వేర్లు పైకి తీసి ఎండకి వదిలేసేవాడు. టెక్సస్ ఎండనీ అలాగే వాడుకోవాలి. జూలైలో గడ్డి నేలమట్టంగా కోసి, బాగా తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పరిచి, అంచులు మట్టిలో పూడ్చి ఆరు వారాలు వదిలెయ్యండి. ఆ తర్వాత కూడా ఒక ఏడాదిపాటు మొలిచినవి మొలిచినట్టు వేళ్లతో సహా లాగుతుండాలి. ఇందులో బద్ధకిస్తే పడ్డ శ్రమంతా వృథా.

వెనక బెండ, గోంగూర వెయ్యండి, ఆ ఎండ వాటికి పండగ. ముందుకి టర్క్స్ క్యాప్, ఆటమ్ సేజ్ లాంటి పూలమొక్కలు పెట్టండి. మా టర్క్స్ క్యాప్ ఎర్రపూల దగ్గరికి హమ్మింగ్‌బర్డులు వస్తే కాఫీ చల్లారిపోతున్నా కదలబుద్ధి కాదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదని భయపడకండి. నీరు తక్కువ తాగే మొక్కల్ని పూర్తిగా నిషేధించకూడదని టెక్సస్‌లో 2013లోనే చట్టం వచ్చింది. ప్లాన్ గీసి ముందుగా అనుమతి మాత్రం తీసుకోండి.

మోవర్ వచ్చాక, పొద్దున మంచు ఆరనిచ్చి, మొదటి వరస మీ ఆవిడనే తొయ్యమనండి. కత్తెరాడుతున్నట్టు సన్నగా వచ్చే ఆ చప్పుడు ఆవిడ కూడా వినాలి.